అందరికీ తక్కువకొచ్చిన అపార్ట్‌మెంటు

నేను వాల్యుయర్‌ని. అంటే బ్యాంకుల తరఫున ఇళ్ళకి విలువ కట్టేవాణ్ణి. మీరు ఇల్లు కొనడానికి లోను పెట్టుకుంటే, ఆ ఇల్లు అంత చేస్తుందో లేదో చూసి రమ్మని బ్యాంకువాళ్ళు ఒకణ్ణి పంపిస్తారు. వాడు టేపు పట్టుకుని వస్తాడు, గోడలు కొలుస్తాడు, ఫోటోలు తీసుకుంటాడు, మీ మొహం చూడకుండా వెళ్ళిపోతాడు. ఆ మొహం చూడనివాణ్ణి నేనే. ఇప్పుడు మానేశాను. మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. కొత్త బిల్డింగుల్లో అన్నిటికన్నా చివర వచ్చేది లిఫ్టే కదా.

సివిల్ ఇంజినీరింగు చదివి ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్లు చేస్తుంటారు. బ్యాంకు ప్యానెల్లోకి ఎలా ఎక్కాలండీ, ఫీజులు ఎన్నాళ్ళకి వస్తాయండీ అని. ఎక్కడం మీరే తెలుసుకుంటారు. ఫీజుల సంగతి నాకూ తెలీదు, నాకు రావలసినవి కొన్ని ఇంకా రాలేదు. నాకు తెలిసిందల్లా జనం ఇల్లు కొన్నాక ఏమైపోతారో, అది. ఏ పరీక్షలోనూ అడగరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. పేర్లు మార్చాను.

గురువుగారి రూలు

నేను పని నేర్చుకున్నది విశ్వనాథం గారి దగ్గర. బెజవాడలో ఆయన టేపు పడని వీధి లేదు. మనిషి మంచివాడు, నోరు మాత్రం మంచిది కాదు. మొదటి రోజే నన్ను స్కూటరెక్కించుకుని దారిలో చెప్పారు.

"చూడవోయ్, సైటులో కాఫీ ఇస్తే తాగకు."

"లంచం కిందికొస్తుందాండీ?"

"నీ మొహం. కాఫీ తాగాలంటే కూర్చోవాలి. కూర్చుంటే వాళ్ళొచ్చి పక్కన నిలబడతారు. నిలబడితే అడుగుతారు."

"ఏమడుగుతారండీ?"

"నీకే తెలుస్తుందిలే."

ఆ వారంలోనే తెలిసింది. సింగ్ నగర్లో ఒక చిన్న డాబా ఇల్లు. కొలతలు తీసుకుని మెట్లు దిగుతుంటే ఇల్లుగలావిడ వెనకాలే వచ్చి, వాళ్ళాయన వినకుండా, "బాబూ, మేమేమన్నా ఎక్కువ పెట్టేశామా?" అంది.

అప్పటినుంచి మానేసేదాకా ఆ ప్రశ్న వినని సైటు లేదు. మగవాళ్ళు మెట్లమీద అడుగుతారు, ఆడవాళ్ళు వంటింట్లో అడుగుతారు. లాయర్లు అడిగారు, డాక్టర్లు అడిగారు. ఒక బిల్డరైతే వేరే బిల్డరు దగ్గర తన కూతురికి ఫ్లాటు కొని, నన్ను పక్కకి పిలిచి గుసగుసగా అడిగాడు. లోకంలో అందరికన్నా బాగా తెలియాల్సినవాడు ఆయనే.

విశ్వనాథం గారి రూలు ఏమిటంటే, దీనికి జవాబు చెప్పకూడదు. "రిపోర్టు బ్యాంకుకి వెళ్తుందండీ" అని టేపు చుట్టుకుని వచ్చెయ్యాలి. "అడ్వాన్సు ఇవ్వకముందు అడిగితే చెప్పవయ్యా, పుణ్యం. ఇచ్చాక అడిగితే ఏం చెప్పినా నువ్వే చెడ్డవాడివి. ఎక్కువంటే వాళ్ళకి నిద్ర పట్టదు. తక్కువంటే బిల్డరుకి నిద్ర పట్టదు. సరిపోయిందన్నావా, నువ్వు బిల్డరు మనిషివంటారు" అనేవారు. చాలా ఏళ్ళు నేను ఆ రూలు తప్పలేదు.

పొలం కొన్నట్టు కొనరు

నిజంగా ఎక్కువ పెట్టేవాళ్ళు లేరా అంటే బోలెడుమంది ఉన్నారు. వాళ్ళు భయపడేది ఒకచోట, డబ్బు పోయేది ఇంకోచోట. అంతే తేడా.

మన డెల్టా రైతు ఎకరం కొనాలంటే ఎంత చూస్తాడో మీకు తెలుసు. ముసురు పట్టినప్పుడు వెళ్ళి నీళ్ళెక్కడ నిలుస్తున్నాయో చూస్తాడు. మురుగు కాలవ ఎటు పోతుందో చూస్తాడు. పక్క గట్టువాడు మంచివాడా, గట్టు చెక్కే రకమా అని ఊరంతా వాకబు చేస్తాడు. అదే మనిషి బెజవాడ వచ్చి ఫ్లాటు కొనేటప్పుడు, ఫాల్ సీలింగులో లైట్లు వేసి చూపిస్తే చాలు, చేతులు కట్టుకుని పైకి చూస్తూ నిలబడతాడు. ఆ బిల్డింగు ఏ పల్లప్పొలంలో లేచిందో, మెరక ఎంత తోలారో, వానొస్తే సెల్లారులోకి నీళ్ళొస్తాయో రావో అడగడు. తూర్పు ఫేసింగేనా అంటాడు. అడుగెంత అంటాడు. అయిపోయింది.

మీరు మాత్రం అడగండి. టేపు తీసి గోడనుంచి గోడకి కొలవండి. కాగితం మీద ఉన్న అడుగుల్లో మంచి ముక్క మెట్లకీ, లిఫ్టుకీ, వరండాలకీ పోయి ఉంటుంది, దాన్ని కామన్ ఏరియా అని గౌరవంగా పిలుస్తారు. స్థలంలో ఆ ఫ్లాటు వాటాకి ఎన్ని గజాలొచ్చాయో చూడండి. గోడలు పాతబడతాయి గానీ గజాలు పాతబడవు. ఇంకో సంగతి, పునాది గొయ్యి చూసి అడ్వాన్సు ఇచ్చినవాడికీ, పెయింటు వాసన చూసి ఇచ్చినవాడికీ ఒకే రేటు ఉండదు. మొదటివాడు గొయ్యిని నమ్మాడు, అందుకు కొంత తగ్గిస్తారు. ఇందులో మోసమేమీ లేదు.

ఇదంతా కొనేవాళ్ళకి నేను చెప్పి చూశాను. ఓపిగ్గా వింటారు. విని, "అదంతా సరేగానీ, పక్క ఫ్లాటు వాళ్ళకి ఎంతకొచ్చిందండీ?" అంటారు.

పై అంతస్తుకి వెళ్ళేకొద్దీ

బందరు రోడ్డులో, కంకిపాడు ఇంకా రాకముందే, లోపలికి ఒక ఐదంతస్తుల అపార్ట్‌మెంటు లేచింది. దానికి నేను చాలాసార్లు వెళ్ళాను, ఒక్కోసారి ఒక్కో బ్యాంకు తరఫున. అంచేత అందులో చాలామంది ఎంత పెట్టి కొన్నారో నాకు తెలుసు. వాళ్ళ అగ్రిమెంట్లన్నీ నా చేతిలోంచే వెళ్ళాయి. రేట్లన్నీ దాదాపు ఒకలాగే ఉన్నాయి, వందో రెండొందలో అటూ ఇటూ.

ఆ బిల్డింగులోనే నేనొక చిత్రం కనిపెట్టాను. అక్కడ కొన్నవాళ్ళెవరూ తాము పెట్టిన రేటు ఇంకొకళ్ళకి చెప్పడం లేదు. తగ్గించి చెబుతున్నారు.

మొదటి అంతస్తాయన అడుగుకి రెండొందలు తగ్గించి చెప్పాడు. ఎక్కువ పెట్టాడని నవ్వుతారేమోనని భయం. అది విన్న రెండో అంతస్తాయనకి గుండెల్లో రాయి పడింది, తను నిజంగా పెట్టింది తనకి తెలుసు కాబట్టి. ఆ రాయి బయటికి కనపడకూడదని ఆయన ఇంకో వంద తగ్గించాడు. పై అంతస్తుకి వెళ్ళేకొద్దీ రేటు పడిపోతూ వచ్చింది. ఐదో అంతస్తు చేరేసరికి బిల్డరే ఎదురు డబ్బులిచ్చి, బతిమాలి తాళాలు చేతిలో పెట్టినట్టుగా ఉంది. అందరూ అబద్ధమే చెప్పారు, అందరూ ఎదటివాడి అబద్ధాన్ని మాత్రం నమ్మారు. ప్రతివాడూ తనొక్కడే మోసపోయాననుకుని, నేను కొలతలకి వెళ్ళినప్పుడు చాటుగా నా చెయ్యి పట్టుకున్నాడు. నేను "రిపోర్టు బ్యాంకుకి వెళ్తుందండీ" అన్నాను.

నాకు నవ్వొచ్చేది. కృపామణి గారి సంగతి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

కోటేశ్వరరావు గారి గృహప్రవేశం

కృపామణి గారు రిటైరైన నర్సు. హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఆసుపత్రుల్లో సర్వీసంతా చేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎప్పుడూ గవర్నమెంటు క్వార్టర్సుల్లోనే కాపురం, సొంతిల్లనేది ఎరగరు. రిటైరైనప్పుడు వచ్చిందంతా పెట్టి, పెన్షను మీద కొద్దిపాటి లోను తీసుకుని, ఆ బిల్డింగులో నాలుగో అంతస్తులో ఫ్లాటు కొన్నారు. తమ్ముడూ మరదలూ వద్దన్నారట. "ఆడదానివి, ఒక్కదానివి, నీకేం తెలుస్తుంది వదినా, నెత్తిన టోపీ పెడతారు" అందిట మరదలు. ఈవిడ వినలేదు. తనే వెళ్ళింది, తనే బేరమాడింది, తనే సంతకం పెట్టింది.

సరిగ్గా ఆవిడ కింద, మూడో అంతస్తులో, అదే ప్లాను, అదే కొలత, కోటేశ్వరరావు గారిది. కంకిపాడు దగ్గర పల్లెలో వ్యవసాయం. ఇద్దరూ ఒకే నెలలో అగ్రిమెంటు రాసుకున్నారు. కోటేశ్వరరావు గారు ముహూర్తం ముందే పెట్టించుకుని, తన ఫ్లాటు ముందు అప్పగించాలని పట్టుబట్టారు. తొందరున్నవాడితో బిల్డరు బేరమాడడు, అంచేత ఆయనకి ఆవిడకన్నా అడుగుకి వంద రూపాయలు ఎక్కువే పడింది. ఆయన కొంత లోను కూడా తీసుకున్నారు. ఇద్దరి లోన్లకీ విలువ కట్టింది నేనే.

లిఫ్టు రాలేదు, ముహూర్తం వచ్చేసింది. గృహప్రవేశానికి నన్నూ పిలిచారు, పైన దిగబోయే ఆవిడ కదా అని కృపామణి గారినీ పిలిచారు. కింద పార్కింగులో భోజనాల బంతి. ఆవిడ నా పక్కన కూర్చున్నారు. కోటేశ్వరరావు గారు స్వయంగా నెయ్యి వడ్డిస్తూ వస్తుంటే, వాళ్ళ బావమరిది ఎదురు వరసలోంచి కేకేశాడు.

"అడుగెంత పడింది బావా?"

బంతంతా తలెత్తింది. కోటేశ్వరరావు గారు నెయ్యి గిన్నె పట్టుకునే మొదలుపెట్టారు.

"ముందు ఏదో చెప్పాడులే. నేనేం మాట్లాడలా. లేచి చెప్పులేసుకున్నా. గేటుదాకా పరిగెత్తుకొచ్చాడు. 'మీరు వెళ్ళిపోతే ఎలాగండీ, మీ రేటు మీరే చెప్పండి' అన్నాడు. చెప్పా. ఒప్పుకున్నాడు. లోనూ గీనూ ఏం లేదు, చేతిలో పెట్టేశా."

చెప్పిన రేటు నిజం రేటు కన్నా అడుగుకి ఏడొందలు తక్కువ. ఆ బిల్డింగులో అదే రికార్డు. బావమరిది "బావంటే బావే" అన్నాడు. కోటేశ్వరరావు గారి భార్య ఆదిలక్ష్మి గారు మెట్ల దగ్గర నిలబడి మురిసిపోయారు. ఆవిడకీ అంతే చెప్పారన్నమాట.

నా పక్కన కృపామణి గారి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కాసేపటికి విస్తరి మడిచేసి లేచారు. పెరుగు ఇంకా రాలేదు.

రూలు తప్పాను

రెండు రోజుల తర్వాత ఆవిడ ఫోను చేశారు.

"ఇంజినీరు గారూ, నేను మోసపోయానాండీ?"

అందరూ ఎక్కువ పెట్టామా అని అడుగుతారు. ఈవిడ మోసపోయానా అన్నారు. నేను విశ్వనాథం గారి రూలు పక్కన పెట్టాను.

"లేదమ్మా. మీరు పెట్టింది సరైన రేటే. నేను ఆ బిల్డింగంతా చూశాను."

"మరి కిందాయనకి అంత తక్కువకెలా వచ్చింది?"

ఒకళ్ళ అగ్రిమెంటు సంగతి ఇంకొకళ్ళకి చెప్పకూడదు. ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద నియమం అదే, మీరూ ఎప్పుడూ తప్పకండి. నేను నసిగాను. ఆవిడ ఆసుపత్రిలో రోజూ అబద్ధాలు విన్న మనిషి, నసుగుడు ఇట్టే పట్టేశారు.

"మీకు బిల్డరు తెలుసాండీ?" అని మర్యాదగానే అడిగారు.

విశ్వనాథం గారు పోయి చాలాకాలమైంది. ఎక్కడున్నారో గానీ, ఆయన నవ్వు నాకు వినపడింది.

ఆవిడ క్యాన్సిల్ చేసుకుంటానన్నారు. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు. అడ్వాన్సు తిరిగి రాదమ్మా, అగ్రిమెంటులో ఉంది కదా అన్నాను. "పోనివ్వండి. తలుపు తీసిన ప్రతిసారీ మా మరదలి మాటే నిజమైందని గుర్తు చేసుకుంటూ ఆ ఇంట్లో ఉండలేను. మళ్ళీ అద్దెకే పోతాను" అన్నారు. ఆ వయసులో, ఆ డబ్బు పోయాక, ఆవిడ ఇంకో ఇల్లు కొనలేరని నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

బిల్డరు రామ్మోహన్ నిజం చెప్పనే చెప్పాడట, "ఆయనకన్నా మీకే తక్కువకిచ్చానండీ" అని. బిల్డరు నిజం చెబితే ఎవరు నమ్ముతారు?

నేను తిన్నగా కోటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళాను. బాల్కనీలో కూర్చోబెట్టి, తలుపు దగ్గరికి వేసి, విషయం చెప్పాను. ఆవిడతో ఒక్క మాట చెప్పండి చాలు అన్నాను.

"ఏమని చెప్పమంటారు? ఎక్కువ పెట్టి కొన్నానని చెప్పాలా?" అన్నారాయన. "మా ఊళ్ళో ఎవరు గేదెని కొన్నా నన్ను బేరానికి పిలుచుకెళ్తారండీ. పెళ్ళిళ్ళకి బంగారం కొనాలన్నా నన్నే పిలుస్తారు. ఇప్పుడు బెజవాడ వెళ్ళి బోల్తా పడ్డాడంటే నా పరువేం కాను?"

"బోల్తా ఏమీ పడలేదండీ. సరైన రేటుకే కొన్నారు."

"సరైన రేటుకి ఎవడైనా కొంటాడు!"

నాకు ఒళ్ళు మండింది. "మీ పరువు కోసం ఆవిడ ఇల్లు పోగొట్టుకోవాలా?" అన్నాను.

"క్యాన్సిల్ చేసుకోమని నేనన్నానా? నా లెక్కలు మీరు బయటపెడితే మాత్రం బ్యాంకులో కంప్లైంటు పెడతాను, చెప్తున్నా."

ఆదిలక్ష్మి గారు కాఫీ తెచ్చారు. నేను తాగలేదు.

సెల్లారు ఆఫీసులో

క్యాన్సిలేషను రోజున, తోడు రమ్మని కృపామణి గారు నన్నే అడిగారు. నామీద అనుమానం అనుమానమే, కానీ ఇంకెవరున్నారు? తమ్ముడికి చెప్పుకోలేరు. సెల్లారులో బిల్డరు ఆఫీసు, ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. రామ్మోహన్ "అయ్యో, ఇంతదాకా వచ్చాక అలా అంటే ఎలా మేడం" అంటూనే కాగితం తీసి ముందు పెట్టాడు. ఈలోగా రేట్లు పెరిగాయి. ఆ ఫ్లాటు కోసం ఇంకొకళ్ళు తిరుగుతున్నారు, ఆవిడ అడ్వాన్సు ఎలాగూ మిగులుతుంది. పాపం అతను బాధపడటానికి చాలా ప్రయత్నించాడు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కాగితం చదువుతున్నారు. అప్పుడే కోటేశ్వరరావు గారు మోటారు పనిచెయ్యడం లేదని కేకలేస్తూ లోపలికొచ్చారు. వెనకాల ఆదిలక్ష్మి గారు, చేతిలో కూరల సంచి. ఆయన మమ్మల్ని చూసి వెనక్కి తిరగబోయారు గానీ, కృపామణి గారు అప్పటికే లేచి నిలబడి రెండు చేతులూ జోడించారు.

"అన్నయ్య గారూ, మీ మేలు మర్చిపోలేనండీ. ఆ రోజు మీరు నలుగురిలో నిజం చెప్పబట్టి నా కళ్ళు తెరుచుకున్నాయి. లేకపోతే ఎంత మోసపోయానో నాకు జీవితంలో తెలిసేది కాదు. దేవుడు మిమ్మల్నీ మీ ఇంటినీ దీవించాలి. ఆదివారం ప్రార్థనలో మీ పేరు చెప్పుకున్నాను."

వెటకారమేమీ లేదు. ఆవిడ మనస్ఫూర్తిగా అన్నారు.

కోటేశ్వరరావు గారు ఆ కాగితం వంక చూశారు, నా వంక చూశారు. నేను గోడమీద క్యాలెండరు చూస్తున్నాను. ఆయన మెల్లగా వచ్చి ఆవిడ ఎదురు కుర్చీలో కూలబడ్డారు.

"కూర్చోమ్మా. నేను చెప్పింది అబద్ధం."

"ఏది అన్నయ్య గారూ?"

"అంతా. రేటబద్ధం. చెప్పులేసుకోవడం అబద్ధం. ఈయన గేటుదాకా రాలేదు, కుర్చీలోంచి కూడా లేవలేదు. నీకన్నా అడుగుకి వంద ఎక్కువ పెట్టాను. లోను కూడా ఉంది. కావాలంటే నా అగ్రిమెంటు తెచ్చి చూపిస్తా."

ఆదిలక్ష్మి గారు సంచి కింద పెట్టి, "లోనుందా?" అన్నారు.

"ఉంది."

"ఎంత?"

"ఇంటికెళ్ళాక చెప్తా."

"మరి అందర్లో అలా ఎందుకు చెప్పావయ్యా?"

"అందరూ ఆశగా చూస్తున్నారే, ఏం చెయ్యను?" అన్నారాయన. అంత పెద్ద మనిషి, తల వంచుకుని టవలుతో మొహం తుడుచుకున్నారు. ఆయన మీద నాకున్న కోపమంతా అక్కడే పోయింది. వెళ్ళి మోటారు సంగతి నేను చూస్తానని చెప్పాలనిపించింది.

కృపామణి గారు కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడిచారు, మళ్ళీ పెట్టుకున్నారు. "అయితే నేను బాగానే కొన్నానన్నమాట" అని ఎవరితోనూ కాకుండా అన్నారు. కాగితం బల్లమీదే, సంతకం లేకుండా, రామ్మోహన్ వైపు జరిపారు. తర్వాత ఆవిడ ఒక ప్రశ్న వేశారు. ఇన్ని నెలల్లో రేటు గురించి కాకుండా ఆవిడ ఆ ఇంటి గురించి అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మా వంటింట్లో గట్టుకి గ్రానైటు వేసేశారా?"

"రేపు వేస్తారు మేడం."

"అయితే ఆపండి. దాన్ని మూడంగుళాలు కిందికి దింపాలి. నేను పొట్టిదాన్ని. ఏ క్వార్టర్సుకి వెళ్ళినా గట్టు నాకు అందక, సర్వీసంతా పీట వేసుకుని ఎక్కి వండుకున్నాను. ఈ ఇంట్లో నేలమీద నిలబడి వండుకుంటాను."